అండమాన్‌లోని నీల్ దీవికి వెళ్తున్నారా? పగడాల మీద కాలు పెట్టకుండా, చెత్త వదలకుండా తిరిగి రావడం ఎలా

"నీల్‌కి వెళ్తున్నాం, నీళ్ళలో దిగితే పగడాలు పాడైపోతాయట కదా, మరి దిగకుండా ఉండాలా, దిగినా ఫర్వాలేదా?" చలికాలం మొదలైందంటే ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది.

దిగండి. కానీ ఎప్పుడు దిగాలో, ఏం వేసుకుని దిగాలో, దిగాక కాళ్ళు ఎక్కడుండాలో తెలుసుకుని దిగండి. పగడాలను పాడుచేద్దామని ఎవరూ అంత దూరం రారు. నడుం లోతు నీళ్ళలో ముఖం పెట్టగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది, భయమేస్తుంది, కాళ్ళు కిందికి ఆనించి లేచి నిలబడతారు. ఆ కాళ్ళ కింద ఉన్నది పగడమే. ఆ భయాన్ని ఇంటి దగ్గరే పోగొట్టుకోవచ్చు, అందుకే ఈ పనిలో సగం భాగం బయల్దేరకముందే ఉంటుంది.

ముందు పేర్ల సంగతి, టికెట్లు తీసుకునేటప్పుడు చాలామంది తికమక పడతారు కాబట్టి. నీల్‌కి 2018 డిసెంబరు నుంచి అధికారికంగా షహీద్ ద్వీప్ అని, పక్క దీవి హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. కాగితాల మీద కొత్త పేర్లు, మనుషుల నోట పాత పేర్లు, రెండూ గుర్తుంచుకోండి. నీల్ చాలా చిన్న దీవి, ఆ చివర నుంచి ఈ చివరకు ఐదు కిలోమీటర్లు ఉంటుందేమో. వరి చేలు, కూరగాయ తోటలు, అరటి చెట్లు, మధ్యలో చిన్న బజారు, చుట్టూ భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ బీచ్‌లు. అండమాన్‌లో తినే కూరగాయల్లో చాలా భాగం ఇక్కడ పండేవే. కింద చెప్పేవన్నీ హేవ్‌లాక్‌కి, అక్కడి ఎలిఫెంట్ బీచ్‌కి కూడా వర్తిస్తాయి.

పాఠం ఎక్కువ చెప్పను, ఇంత మాత్రం తెలిస్తే చాలు. పగడం రాయి కాదు, ప్రాణి. కొమ్మల్లా పెరిగే రకాలు అన్నీ బాగుంటే ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి, బండలా గుండ్రంగా ఉండేవి ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అంటే మీరు ఒక్క అడుగుతో విరిచిన కొమ్మ మళ్ళీ అంత కావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా అండమాన్ పగడాలు 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి తెల్లబడిపోయాయి, 2010లో మరీ ఎక్కువ. 2004 సునామీ దెబ్బ వేరే. ఆ వేడిని మనం బీచ్‌లో నిలబడి ఆపలేం, కానీ కోలుకుంటున్న పగడం మీద కాలు వెయ్యకుండా ఉండటం మన చేతిలోనే ఉంది.

కావలసినవి

- మీ ముఖానికి సరిపోయే మాస్కు (కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దం), స్నార్కెల్ గొట్టం (ముఖం నీళ్ళలో ఉండగా నోటితో ఊపిరి తీసుకునేది). అక్కడ అద్దెకు ఇస్తారు, కానీ సొంతది ఉంటే ఇంటి దగ్గర సాధన చెయ్యొచ్చు, అసలు లాభం అదే.
- పొడుగు చేతుల స్విమ్మింగ్ టీషర్టు, కాళ్ళకు లెగ్గింగ్స్.
- జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, చిన్న ట్యూబ్ ఒకటి.
- మనిషికో స్టీల్ నీళ్ళ సీసా, ఒక స్టీల్ డబ్బా, స్పూన్లు, గుడ్డ సంచి.
- చెత్త తిరిగి తేవడానికి గట్టిగా మూతపడే సంచులు రెండు, ఒకటి పొడి చెత్తకు, ఒకటి తడిదానికి.
- మీరు అక్కడుండే రోజుల ఆటుపోట్ల సమయాలు, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. దీవిలో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం.
- నీళ్ళలో వేసుకునే చెప్పులు లేదా బూట్లు. ఇవి రాళ్ళ మీద నడవడానికే. బూట్లు వేసుకున్నాం కదా అని పగడం మీద నిలబడితే పాదానికి తెలియదు గానీ పగడానికి ఇంకా ఎక్కువ దెబ్బ.

ఇక పని

1. తేదీల కన్నా ముందు ఆటుపోట్లు చూడండి

నీల్ చుట్టూ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. పోటు సమయంలో మీ పొట్టకీ పగడానికీ మధ్య మనిషి ఎత్తు నీళ్ళు ఉంటే, ఆటు సమయంలో అదే చోట మోకాలి లోతు కూడా ఉండదు, ఈదుదామన్నా పొట్ట గీరుకుంటుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు ఆరు గంటలు, రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్ళు బాగా లోపలికి పోతాయి.

సమయాలు ఎక్కడ దొరుకుతాయంటే, మన హైదరాబాద్‌లోనే ప్రగతి నగర్ దగ్గర ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ దేశమంతటికీ సముద్రం సమాచారం ఇస్తుంది, సునామీ హెచ్చరికలు ఇచ్చేది కూడా వాళ్ళే. వాళ్ళ వెబ్‌సైట్‌లో అలల ఎత్తు చూసుకోవచ్చు, వేసవిలో వెళ్ళేవాళ్ళు పగడాలు తెల్లబడే ప్రమాదం గురించిన హెచ్చరికలు కూడా చూడొచ్చు. సైట్ తెరుచుకోకపోతే ఏదైనా టైడ్ యాప్‌లో పోర్ట్ బ్లెయిర్ అని పెట్టండి, నీల్‌కి అది దాదాపుగా సరిపోతుంది.

లెక్క ఇది: స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి మీద తేలి కిందికి చూడటం) పోటుకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు. లక్ష్మణ్‌పూర్ అవతల ఉన్న సహజ వంతెన (వంతెనలా ఏర్పడిన రాయి) చూడటానికి ఆటు సమయం. రెండూ ఒకే పూటలో పెట్టుకోకండి, ఏదో ఒకటి తప్పు సమయంలో పడుతుంది. ఇంకోటి, అక్కడ డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది, మన ఊరి లెక్కన ఐదున్నరకు నీళ్ళలో దిగుదాం అనుకుంటే చీకటే.

2. ఇంటి దగ్గరే తేలడం నేర్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ఈత రాకపోయినా ఫర్వాలేదు, లైఫ్ జాకెట్ తేలుస్తుంది. కానీ లైఫ్ జాకెట్ వేసుకుని తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగుతాయి, నిలువుగా అయిపోతారు, కాళ్ళు తపతపా కొట్టుకుంటాయి. ముఖం నీళ్ళలో పెట్టి నేరుగా కిందికి చూస్తే కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. ఇంతే కిటుకు. తల ఎత్తితే కాళ్ళు పగడానికి తగులుతాయి, తల దించితే తగలవు.

ముందు మాస్కు పరీక్ష. పట్టీ పెట్టుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి, చెయ్యి వదిలేసినా అంటుకుని ఉండాలి. జారిపోతే ఆ మాస్కు మీకు సరిపోదు, వేరేది చూడండి. మీసం గుబురుగా ఉన్నవాళ్ళకి ముక్కు కింద నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, ముక్కు కింద ఆ కాస్త భాగం కత్తిరించుకుంటే చాలావరకు తగ్గుతుంది. మాస్కులోకి నీళ్ళు వస్తేనే మనిషి కంగారుపడి నిలబడతాడు కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకండి.

తర్వాత దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే నడుం లోతులో నిలబడి, గొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్ళలో ఉంచి నోటితో నెమ్మదిగా ఊపిరి తీయండి. రెండు నిమిషాలు ప్రశాంతంగా ఉండగలిగితే తేలడం మొదలుపెట్టండి. గొట్టంలోకి నీళ్ళు పోతే గట్టిగా ఊదితే బయటికి వచ్చేస్తాయి, అది కావాలని నీళ్ళు నింపుకుని మరీ సాధన చెయ్యండి. అలసిపోతే నిలబడకుండా వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఆగడం, ఇది కూడా చెయ్యండి. పూల్ లేకపోతే ఇంట్లో పెద్ద టబ్బులో నీళ్ళు పోసి ముఖం పెట్టి ఊపిరి సాధన చేసినా సగం భయం పోతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే ఈ పని పెట్టుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? పూల్‌లో ఐదు నిమిషాల పాటు కాలు నేలకు ఒక్కసారి కూడా ఆనకుండా ఉండగలిగితే వచ్చినట్టే. రాకపోతే కింద చెప్పే గ్లాస్ బోటు (అడుగున అద్దం ఉండే పడవ) చూసుకోండి.

3. చెత్త మీ బ్యాగులోకి ఎక్కకముందే తీసెయ్యండి

దీవిలో చెత్త వెయ్యడానికి చోటు లేదు. అక్కడ పడేసినది కాల్చాలి, పూడ్చాలి, లేదంటే పడవలో మోసుకుపోవాలి. అందుకని బిస్కెట్లు, చేగోడీలు, జంతికలు ఇంట్లోనే ప్యాకెట్ల నుంచి డబ్బాల్లోకి మార్చండి, కొత్త చొక్కాల కవర్లు, అట్టలు ఇంటి దగ్గరే వదిలేయండి. షాంపూ, కొబ్బరినూనె చిన్న పాకెట్లు వద్దు, చిన్న సీసాలో పోసుకోండి. తడి తుడుపు కాగితాల్లో చాలావరకు ప్లాస్టిక్ ఉంటుంది, పాత కాటన్ గుడ్డ తడిపి వాడుకుంటే సరిపోతుంది. చంటిపిల్లలున్నవాళ్ళు డైపర్ల గురించి అడుగుతారు. గుడ్డ లంగోటీలు కుదిరితే పగటిపూట అవి, రాత్రికి మాత్రం డైపర్, వాడినవి గట్టి సంచిలో వేసి వెనక్కి పట్టుకురావాలి. ఇబ్బందే, కానీ దీవిలో వదిలితే కుక్కలు లాగి బీచ్ దాకా తీసుకొస్తాయి. శానిటరీ ప్యాడ్లూ అంతే.

సముద్రానికి పసుపు కుంకుమ, కొబ్బరికాయ సమర్పించే అలవాటు ఉన్నవాళ్ళు కవరు, అగరొత్తుల ప్యాకెట్, కర్పూరం డబ్బా సంచిలో వేసుకుని వచ్చేయండి. విడి పూలు చాలు.

4. సన్‌స్క్రీన్ సంగతి

ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రెండు రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో హవాయి 2021 జనవరి నుంచి అవి ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని ఆపింది, పలావు దీవులు అంతకు ఏడాది ముందే ఆపాయి. ట్యూబ్ వెనక రాసి ఉన్న జాబితా చదవండి, ముందువైపు పెద్ద అక్షరాల్లో రాసిన "రీఫ్ సేఫ్" అన్న మాటను నమ్మకండి, ఎవరైనా రాసుకోవచ్చు. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, అంతే.

కానీ దీనికన్నా మంచి ఉపాయం పొడుగు చేతుల టీషర్టు. ఒళ్ళంతా బట్ట ఉంటే ముఖానికీ, మెడకీ, చేతుల మీదకీ మాత్రమే సన్‌స్క్రీన్ కావాలి. నీళ్ళలో దిగే ముందు అరగంట ఆగండి, చర్మానికి పడుతుంది. దిగేముందు ఒంటికి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే ఆ ఒక్క రోజూ మానండి.

పరీక్ష సులభం: నీళ్ళలో దిగి ఒక నిమిషం కదలకుండా ఉండండి, చుట్టూ నీటి మీద నూనె తళుకు కనిపిస్తే ఎక్కువ రాసుకున్నారు లేదా తొందరగా దిగారు.

5. బస మాట్లాడేటప్పుడు నీళ్ళ గురించి అడగండి

అండమాన్‌లో వాన బాగా పడుతుంది, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా, కానీ చిన్న దీవిలో పడ్డ వాన చాలావరకు సముద్రంలోకి పోతుంది. మే నుంచి డిసెంబరు దాకా వానలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండు రోజులు, టూరిస్టులు వచ్చేదీ అప్పుడే. ఊళ్ళో రైతుకూ మీ బాత్‌రూమ్‌కూ ఒకే నేల కింది నీళ్ళు. "వాననీళ్ళు పట్టుకునే ట్యాంకు ఉందా? తాగే నీళ్ళు క్యాన్‌లో ఇస్తారా, సీసాలు నింపుకోవచ్చా? మురుగు ఎక్కడికి పోతుంది?" ఈ మూడు అడగండి. మురుగు ప్రశ్నకి తడబడే చోటును నేనైతే వదిలేస్తాను. మురుగు సముద్రంలోకి చేరితే నాచు పెరిగి పగడాన్ని కప్పేస్తుంది, మనం నీళ్ళలో ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం ఉండదు. బకెట్ స్నానం చెయ్యండి, దుప్పట్లు రోజూ మార్చొద్దని చెప్పండి. దీవిలో తిరగడానికి అద్దె సైకిల్ చాలు.

6. బోటు, గైడు

బోటు ఎక్కేముందే మాట్లాడుకోవాలి, ఎక్కాక ఎవరూ వినరు. అడగాల్సినవి: లంగరు ఎక్కడ వేస్తారు, ఇసుకలోనా, పగడాల మీదా? లంగరు వెయ్యకుండా తేలే బుంగకు తాడు కట్టే ఏర్పాటు ఉందా? ఒక్కో గైడుతో ఎంతమంది? ఎనిమిది మందిని ఒకే టైరు ట్యూబ్‌కి వేలాడదీసి లాగే గైడుతో వెళ్ళకండి, అందులో సగం మంది కాళ్ళు పగడాలను రాసుకుంటూ పోతాయి.

గైడులు చాలావరకు హిందీ, బెంగాలీ మాట్లాడతారు. ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి: "భయ్యా, కుఛ్ ఉఠాకే మత్ దిఖానా, దూర్ సే హీ దేఖేంగే." ఏదీ ఎత్తి చూపించొద్దు, దూరం నుంచే చూస్తాం అని. గైడు సముద్ర దోసకాయనో (దోసకాయలా కనిపించే మెత్తటి ప్రాణి), నక్షత్ర చేపనో ఎత్తి చూపించేది మనం సంబరపడి టిప్పు ఇస్తామనే. ఎత్తనందుకు టిప్పు ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఎందుకిస్తున్నారో కూడా చెప్పండి. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే జంగ్లీఘాట్ వైపు తెలుగు బాగా వినిపిస్తుంది, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. సముద్రం ఎలా ఉందో వాళ్ళని అడిగితే ఏ యాప్ కన్నా బాగా చెబుతారు.

7. నీళ్ళలో

ఇసుక ఉన్న చోట నుంచి దిగండి. నడుం లోతు రాగానే పడుకున్నట్టు తేలిపోవాలి, ఇంక నడవకూడదు. ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కలు) కొత్తవాళ్ళకి వద్దు, అవి ఎంత పొడవున్నాయో మెదడుకు అలవాటు కాదు, వెనక ఏం విరుగుతోందో కనపడదు. చేతులు ఛాతీ దగ్గర కట్టుకుని ఉంచండి, చెయ్యి ఖాళీగా ఉంటే దేన్నో ఒకదాన్ని పట్టుకోబుద్ధవుతుంది. ఫోన్ వాటర్‌ప్రూఫ్ కవరు మొదటిసారి తీసుకెళ్ళకండి. ఫోటో కోసం ఆగాలనుకున్నప్పుడే కాళ్ళు దిగుతాయి.

పొట్ట కింద నీళ్ళు జానెడు కూడా లేని చోటికి వచ్చేశారనుకోండి, అక్కడ లేవకండి. ఊపిరి నిండా పీల్చి, కాళ్ళు ఆడించడం ఆపి, చేతులతో మెల్లగా నీళ్ళు వెనక్కి నెట్టుకుంటూ వచ్చిన దారినే తిరగండి. తప్పనిసరిగా నిలబడాల్సి వస్తే తెల్లటి ఇసుక మడుగు చూసుకుని అందులో. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఎక్కడైనా నిలబడండి, గైడును పిలవండి, పగడం కన్నా ముందు మనిషి.

తెల్లగా కనిపించే పగడం చచ్చిపోయిందని అనుకోకండి. వేడికి, లోపలుండి రంగునిచ్చే నాచును వదిలేసింది, నీళ్ళు చల్లబడితే మళ్ళీ రంగు రావచ్చు. ఆ స్థితిలో తాకితే కోలుకునే అవకాశం కూడా తగ్గుతుంది.

చేపలకు బ్రెడ్డు, బిస్కెట్లు వెయ్యకండి, గైడు ఇచ్చినా తీసుకోకండి. పగడాల మీద నాచును గీకి తినే చేపలు బ్రెడ్డుకి అలవాటుపడితే ఆ పని మానేస్తాయి. రాత్రి భోజనంలో కూడా ఇది గుర్తుంచుకోండి, నాచు తినే పారట్ ఫిష్ వద్దని, వంజరమో, కానాగంత చేపో, ట్యూనానో ఇమ్మని అడగండి.

ముట్టుకోకపోవడం మీ కోసం కూడా. శంఖువు ఆకారంలో అందమైన గీతలుండే కోన్ గవ్వ లోపల విషపు ముల్లు ఉంటుంది, దాని వల్ల మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. రాయిలా కనిపించే స్టోన్ ఫిష్, ముళ్ళ బంతుల్లాంటి సీ అర్చిన్లు, ముట్టుకుంటే మంట పుట్టించే ఫైర్ కోరల్, అన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి. ఇక మొసళ్ళ బోర్డు ఉన్న చోట దిగొద్దు. 2010లో హేవ్‌లాక్ దగ్గర ఒక విదేశీ టూరిస్టును ఉప్పునీటి మొసలి చంపింది.

స్కూబా (గాలి సిలిండర్‌తో లోతుకు దిగడం) చేసేవాళ్ళకి ఒకే మాట: డైవ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. చివరి రోజుకు డైవింగ్ పెట్టుకోకండి.

8. ఆటు సమయంలో రాళ్ళ మీద నడక

సహజ వంతెన దగ్గర నీళ్ళు వెనక్కి పోయాక రాళ్ళ మధ్య చిన్న చిన్న మడుగులు మిగులుతాయి, చేపపిల్లలు, పీతలు, సముద్ర దోసకాయలు వాటిలో చిక్కుకుని పోటు కోసం ఎదురుచూస్తుంటాయి. పొడిగా, బోసిగా ఉన్న రాయి మీద, ఇసుక మీద మాత్రమే అడుగు వెయ్యండి. రంగున్నదేదైనా, మెత్తగా కనిపించేదేదైనా ప్రాణం ఉన్నదే అనుకోండి. సముద్ర దోసకాయను ఎత్తితే కొన్ని రకాలు బెదిరి పేగులు బయటికి కక్కేస్తాయి. నీళ్ళు తిరిగి రావడం మొదలవగానే వెనక్కి వచ్చెయ్యాలి, జారే రాళ్ళ మీద పెద్దవాళ్ళతో తొందరపడటం కుదరదు.

9. రాత్రి బీచ్

నవంబరు నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకు వచ్చే ఆలివ్ రిడ్లేలతో పాటు అండమాన్‌లో ఇంకా మూడు రకాలు గుడ్లు పెడతాయి. ఫోన్ టార్చి వెయ్యకండి, ఫ్లాష్ వద్దు, మంటలు వద్దు. పిల్ల తాబేళ్ళు వెలుతురు ఉన్నవైపే సముద్రం అనుకుని పోతాయి. తాబేలు కనపడితే దాని ముందుకు వెళ్ళకుండా దూరంగా వెనక కూర్చోండి. పిల్లలు పగలు తవ్విన ఇసుక గోతులు పూడ్చేసి రండి, తాబేలు అందులో పడితే లేవలేదు.

10. గవ్వలు, పగడం ముక్కలు అక్కడే వదిలెయ్యండి

"అలలు కొట్టుకొచ్చి పడేసినదే కదా, చచ్చినదే కదా" అంటారు. పగడాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఇచ్చే రక్షణే వాటికీ ఉంది. చచ్చిన ముక్క అయినా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనపడితే బ్యాగు విప్పిస్తారు. ఖాళీ గవ్వ సన్యాసి పీతకు ఇల్లు, ఆ బీచ్ ఇసుకలో చాలా భాగం అరిగిపోయిన పగడమే. గుర్తుగా ఏదైనా కావాలంటే అక్కడి చెక్క, కొబ్బరి చిప్ప వస్తువులు కొనుక్కోండి, బిల్లు దాచుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

ప్యాకేజీ వాళ్ళు చెప్పిన టైముకే స్నార్కెలింగ్‌కి వెళ్ళిపోవడం మొదటిది. వాళ్ళకి ఫెర్రీ టైము ముఖ్యం, పోటు టైము కాదు. ముందు రోజే మాట్లాడి మార్చుకోండి, కుదరకపోతే ఆ రోజు దిగకండి. రెండోది, నీల్‌నీ హేవ్‌లాక్‌నీ ఒక్కో పూటలో చుట్టేసి రావాలనుకోవడం. ఆ తొందరలో సీసా నీళ్ళు, పార్సిల్ భోజనాలు, ఆటులో బోటు, అన్నీ వచ్చి పడతాయి. నీల్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. మూడోది, పిల్లల్ని నవ్వించడానికి పీతను పట్టి చేతిలో పెట్టడం. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూడటం నేర్పితే వాళ్ళే పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ కనిపెడతారు.

నీళ్ళలో దిగలేనివాళ్ళకి, అమ్మమ్మలు తాతయ్యలకి, భరత్‌పూర్‌లో గ్లాస్ బోటు ఉంది. అది కూడా పోటు సమయంలోనే ఎక్కండి. అడుగు గీరుకుంటున్న శబ్దం వస్తే బోటతనికి వెంటనే చెప్పండి. ఇంకో మార్గం పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూరు నుంచి వెళ్ళే జాలీ బాయ్ దీవి. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. జాలీ బాయ్‌నీ, పక్కనున్న రెడ్ స్కిన్ దీవినీ ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తారు, మూసిన నెలల్లో అక్కడి పగడాలకు విశ్రాంతి. సోమవారాలు సెలవు, ముందుగా కనుక్కోండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

వండూరులో బోటు ఎక్కేముందు మీ దగ్గరున్న ప్లాస్టిక్ వస్తువులు లెక్కపెట్టి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగొచ్చి అన్నీ చూపిస్తేనే డబ్బు వెనక్కి. నీల్‌లో ఆ పని మీకు మీరే చేసుకోండి. బయల్దేరే రోజు బ్యాగులో ఉన్న ప్రతి కవరు, ట్యూబ్, సీసా ఒక కాగితం మీద రాసుకుని, తిరిగొచ్చాక సంచి విప్పి సరిచూడండి. పిల్లలకి అప్పగిస్తే ఒక్కటీ వదలరు. విశాఖ నుంచి ఓడలో వెళ్ళేవాళ్ళు దారిలో రెండున్నర రోజుల చెత్త కూడా ఈ లెక్కలో వేసుకోండి, డెక్ మీద నుంచి ఏదీ సముద్రంలో పడకూడదు.

నీళ్ళలోంచి వచ్చాక మోకాళ్ళు, పిక్కలు, పాదాలు చూసుకోండి. గీతలుంటే దేనికో తగిలారు, ఎక్కడ ఎప్పుడు తగిలారో గుర్తు చేసుకుని మర్నాడు ఆ చోటు మానెయ్యండి లేదా ఇంకా పెద్ద పోటులో వెళ్ళండి. గీతను మంచినీళ్ళతో, సబ్బుతో శుభ్రంగా కడగండి, పగడం గీత త్వరగా చీము పడుతుంది. మీ వాళ్ళలో ఒకరిని పడవలోనే ఉండి ఎవరెవరి తల ఎన్నిసార్లు పైకి లేచిందో చూడమనండి. మాటిమాటికీ లేస్తుంటే వాళ్ళకి మాస్కు సరిపోలేదు లేదా భయం పోలేదు, మళ్ళీ ఇసుక ఉన్న చోటే సాధన.

ఫోటోల్లో ఎవరైనా పగడం మీద నిలబడిందో, నక్షత్ర చేపను చేత్తో పట్టుకున్నదో ఉంటే అది పెట్టకండి, చూసినవాళ్ళు వచ్చే నెలలో గైడును అదే అడుగుతారు. బోటువాళ్ళ గురించి రివ్యూ రాసేటప్పుడు మాత్రం వివరంగా రాయండి: లంగరు ఇసుకలో వేశాడు, ఏదీ ఎత్తి చూపించలేదు, పోటు చూసి టైము మార్చాడు అని. వెళ్ళబోయేవాళ్ళు బోటు వెతుక్కునేటప్పుడు చదివేది ఆ రివ్యూలే.